అంట్ల చాకు

చిట్టియ్య సానరాయి మీద నీళ్లు చిలకరించి, మోకాలి మీద గోనెపట్టా పరుచుకుని మూడో చాకు రుద్దడం మొదలుపెట్టేసరికి కడియపులంక కాలవగట్టు మీదికి ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. చేతులు వాటి పాటికవి పని చేసుకుపోతున్నాయి. చూపు మాత్రం రోడ్డుకవతల మూసి ఉన్న సామ్యేలు బడ్డీ మీదే ఉంది. రాత్రి ఛాతీలో నొప్పొస్తే సామ్యేలును రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లారని పొద్దున్నే ఎవరో చెప్పారు. చిట్టియ్య పైకి అయ్యో పాపం అన్నాడు. లోపల మాత్రం ఈ నాలుగు రోజులూ బేరాలన్నీ తన వైపే తిరుగుతాయని అనుకున్నాడు. అలా అనుకున్నందుకు అతనికి పెద్దగా సిగ్గు కూడా వేయలేదు.

నర్సరీల్లో గులాబీ మొక్కలకు మేలురకం మొగ్గలు అతికించి కళ్లు కట్టే రోజులవి. అంట్లు కట్టే ప్రతివాళ్ల బొడ్లోనూ ఒక మడతచాకు ఉంటుంది. దానికి ఒక పక్కనే పదును పెట్టాలి, రెండో పక్క పలకలా చదునుగా ఉండాలి. లేకపోతే కోత సమంగా రాదు, కట్టిన కన్ను ఎండిపోతుంది. ఆ పదును చిట్టియ్య తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఆయనతో పాటు సానచక్రం భుజానేసుకుని లంకలన్నీ తిరిగాడు. ఆయన పోయాక ఈ గట్టు మీద రేకుల పాక వేసుకుని, ఇక్కడే తల నెరిపించుకున్నాడు. మోసీ మోసీ కుడిభుజం కిందికి జారిపోయింది. వేళ్ల సందుల్లో ఇనుప మురికి ఎంత తోమినా వదలదు.

సామ్యేలు మొన్న మొన్న వచ్చినవాడు. లారీషెడ్డులో పని పోతే ఇటొచ్చి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. పనితనంలో వాడు తన కాలిగోటికి చాలడని చిట్టియ్య నమ్మకం, అందులో అబద్ధం కూడా లేదు. కానీ జనం అటే పోతారు. వాడు కూర్చోడానికి పీట వేస్తాడు. చాకు బాగయ్యేదాకా వాడుకోమని తన దగ్గరున్నది ఒకటి చేతిలో పెడతాడు, ఆ పూట పని చెడకుండా. బాగయ్యాక కొమ్మ ఒకటి ఇచ్చి కోసి చూడమంటాడు. నచ్చలేదంటే మొహం మాడ్చుకోకుండా మళ్లీ మొదట్నుంచి పదును పెడతాడు. చిట్టియ్యకు ఇవన్నీ వేషాల్లా కనబడేవి. పదును పెట్టడానికి పెళ్లివారి మర్యాదలేంటని వచ్చిన వాళ్లందరి దగ్గరా ఎద్దేవా చేసేవాడు.

ఆ మధ్య ఇంట్లో కత్తిపీట మీద వంకాయలు చకచకా తెగుతుంటే ముచ్చటపడి, ఇదేంటని భార్య సంపూర్ణమ్మను అడిగాడు. "మిమ్మల్ని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది. సామ్యేలు దగ్గర పెట్టించుకొచ్చా," అందామె తాపీగా. ఆ పూట అతను కూర ముట్టుకోకుండా పెరుగన్నం తిని లేచాడు.

ఎండ గట్టెక్కాక అచ్చాయమ్మ వచ్చింది. చుట్టుపక్కల నర్సరీల్లో ఆమె చేతికి తిరుగులేదు, ఆమె కట్టిన కన్ను ఎండిందన్న మాట లేదు. ఆమె చాకు ఎవరి దగ్గరికి పోతే మిగతావాళ్ల చాకులూ అక్కడికే పోతాయి. ఒకప్పుడు అది చిట్టియ్య దగ్గరికే వచ్చేది. చేజారిన బేరాలన్నిటిలోకీ అతన్ని కుదురుగా కూర్చోనివ్వనిది ఆ ఒక్కటే. దాన్ని తిరిగి తెచ్చుకుంటే చాలనుకునేవాడు.

స్ప్రింగు విరిగిందనీ, తెరిస్తే నిలవకుండా వేళ్ల మీదికి మడుచుకుపోతోందనీ చెప్పి ఆమె చాకును అతని ముందున్న చెక్కపలక మీద పెట్టింది. సాయంత్రం రమ్మన్నాడు. ఆమె కదలకుండా నిలబడింది. ఎందుకు నిలబడిందో అతనికి తెలుసు. బొడ్లో తన చాకు ఉంది, తీసి ఇస్తే సరిపోయేది. ఇస్తే ఎదుటివాణ్ణి చూసి నేర్చుకున్నట్టవుతుందని తల వంచుకున్నాడు. పనికి ఎలాగూ పోలేను, రాజమండ్రి వెళ్లి సామ్యేలును చూసొస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

మిగతా చాకులన్నీ పక్కకు నెట్టేశాడు. రివెట్లు ఊడదీశాడు. రంపపు బ్లేడు ముక్కను అరగదీసి, కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి కొత్త స్ప్రింగు చేశాడు. బిగించి తెరిస్తే చాకు టక్కున నిలబడింది, మూస్తే మెత్తగా కూర్చుంది. ఇంత నాణ్యమైన పని సామ్యేలు ఏడు జన్మలెత్తినా చెయ్యలేడనుకుని, తృప్తిగా పిడి తుడవబోయి ఆగాడు.

కొయ్యపిడికి ఒక పక్కన బొటనవేలంత గుంట ఉంది. అదీ వంకరగా. అరిగి పడిన గుంట కాదు, ఉలి జాడలు తెలుస్తూనే ఉన్నాయి. సామ్యేలు పనే. తన చేతికొచ్చిన చాకు మీద ఇంకా వాడి చెయ్యి ఎందుకుండాలని చిట్టియ్యకు ఒళ్లు మండిపోయింది. ఆకురాయి అందుకుని గుంట మాసిపోయేదాకా పిడి చుట్టూ అరగదీశాడు. గరుకు కాగితంతో రుద్ది అవిసెనూనె పట్టించాడు. పిడి కాస్త సన్నబడింది గానీ కొత్తదానిలా తయారైంది.

అచ్చాయమ్మ పొద్దు వాలుతుండగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చాకు తీసుకుని తెరిచింది, మూసింది. మళ్లీ తెరిచి పట్టుకుని, బొటనవేలితో పిడి మీద వెతుక్కుంది. ఆ వేలు కణుపు దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. ఇన్నేళ్లుగా ఆమె చాకు చూశాడు గానీ చెయ్యి చూసింది అప్పుడే.

"ఇక్కడ గుంటుండాలండి," అంది.

వంకరగా ఉంటే సరిచేశానన్నాడతను, కొంచెం బింకంగానే.

"వంకర నా వేలేనండి. చిన్నప్పుడు కల్లంలో ఎద్దు తొక్కింది. సామ్యేలు నా చేతిలో తడిమట్టి ముద్ద పెట్టి, పట్టు చూసుకుని మరీ చెక్కాడు." చాకును తెరిచింది తెరిచినట్టే పలక మీద పెట్టేసింది. "మధ్యాహ్నం పోయాడండి సామ్యేలు. నన్ను గుర్తుపట్టాడు. చాకు ఎవరికిచ్చావని అడిగాడు. మీకిచ్చానన్నా. అయితే ఫర్వాలేదన్నాడు."

చిట్టియ్యకు ముందు వచ్చింది దుఃఖం కాదు, కోపం. పోతూ పోతూ కూడా వాడే మంచివాడైపోయాడు. రేపట్నుంచి గట్టు మీది చాకులన్నీ తన దగ్గరికే వస్తాయి. వచ్చిన ప్రతివాళ్లూ సామ్యేలులా చెయ్యమంటారు. పోటీ పడదామన్నా ఎదురుగా మనిషి లేడు. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు.

బొడ్లోంచి తన చాకు తీసి, పంచెతో తుడిచి, పిడి ఆమె వైపు పెట్టి చాపాడు.

"మళ్లీ చేస్తా అచ్చాయమ్మా. అందాకా ఇది వాడుకో. ఆ వేలు ఒకసారి చూపించు."

ఆమె చూపించలేదు. చాకూ అందుకోలేదు. కోపం మాత్రం లేదు ఆమె మొహంలో.

"నా చేతికది పట్టదు లెండి," అంది. "ఇంటికి తీసుకొస్తున్నారు. పేటలో చెప్పాలి." కొంగు భుజం చుట్టూ తిప్పుకుని గట్టు వెంట వెళ్లిపోయింది.

చిట్టియ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె చాకు పలక మీద తెరిచి ఉంది, నూనె పట్టిన పిడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నున్నగా మెరుస్తూ.