బేరాల ఎలుక వదిలిన కొమ్మ

యాభై రెండేళ్లుగా సర్కారు అడవిలో గుడారం వేస్తున్నాను. ఇన్నేళ్లలో ఒక్క మేకు కూడా పోగొట్టుకోలేదు. ఈ ముక్క మా ఐడహో కొండల్లో నన్ను ఎరిగిన ప్రతివాడూ కనీసం ఏడుసార్లు వినే ఉంటాడు. పోయిన ఆగస్టులో మా కోడలు మార్నీ ఎనిమిదోసారి వింది.

"సోమవారం పొద్దున ఎనిమిదింటికి నర్సు పరీక్ష పెట్టుకుని ఇప్పుడు అడవికేంటి మావయ్యా?" అంది.

"ఇంట్లో ఉంటే ఫోను మోగుద్ది, పక్కింటి కుక్క మొరుగుద్ది. నేను ఏటా దిగే వంకర వాగు దగ్గర ఏముందమ్మాయ్? నాలుగు గుడారాల చోటు, ఒక మరుగుదొడ్డి, నీళ్ల చప్పుడు. రెండు రోజులు హాయిగా చదువుకో. ఆదివారం మధ్యాహ్నం బయల్దేరదాం. పూచీ నాది."

పూచీ అన్నది చిన్న మాటేం కాదు. మార్నీ ఆ పరీక్ష ఒకసారి తప్పింది. ఈసారీ పోతే ఆస్పత్రిలో ఆమె కోసం అట్టిపెట్టిన ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ఆదివారం పొద్దున గుడారం విప్పుదామని లేచేసరికి పికప్ బండి తాళంచెవి లేదు. ఉన్నది ఒక్కటే చెవి, దానికి ఇత్తడి చేపబిళ్ల. ఊరు ఐదు గంటల దూరం. ఆ లోయలో ఫోను పలకదు. మేం తప్ప ఇంకెవరూ దిగలేదు. దగ్గర్లో ఉన్న పశువుల కొట్టానికైనా ఇరవై మైళ్లు నడవాలి.

"క్లేటన్, తాళంచెవి ఎక్కడ పారేశావురా?" అని మా అబ్బాయి మీద విరుచుకుపడ్డాను.

"నిన్న బండి నడిపింది నువ్వు నాన్నా."

"నేను గుడారం గుంజకే తగిలించాను!"

మా ఆవిడ ఆర్డిస్ పెనం మీది రొట్టె తిప్పుతూనే అంది. "బల్ల మీద పెట్టావయ్యా. నేను చూశాను. మేకు పోలేదని కోస్తావుగా, ఇప్పుడు ఏకంగా బండే పోయింది."

సరే, బల్ల మీదే పెట్టాను. ముసలాడికి ఆ మాత్రం మరుపు ఉండకూడదా?

క్లేటన్ బూట్లు బిగించుకున్నాడు. "ఇప్పుడు నడక మొదలెడితే చీకటి పడేలోపు కొట్టం చేరతాను. అక్కణ్ణుంచి ఏదో ఒక బండి..."

మార్నీ అతని మాట వినడం లేదు. బల్ల మీదకి వంగి చూస్తోంది. "ఈ కొమ్మ ఎవరు పెట్టారు?"

నీలి కాయలున్న చిన్న పచ్చి రెమ్మ. కాఫీ గిన్నె పెట్టుకోవడానికి దాన్ని నేనే ఇందాక మోచేత్తో పక్కకి తోశాను.

"చుట్టూ అన్నీ పైన్ చెట్లే కదా. ఇది జునిపర్. ఇక్కడికెలా వచ్చింది?"

ఆర్డిస్ గరిటె ఆపింది. "బేరాల ఎలుక!"

మా కొండల్లో ఆ ఎలుకకి ఉడుతకున్నట్టు కుచ్చుతోక ఉంటుంది. నోట్లో ఏదో కరుచుకుని పోతూ దారిలో మెరిసేది కనబడిందంటే నోట్లోది అక్కడే దించేసి, మెరిసేది ఎత్తుకుపోతుంది. దొంగ అనడానికి నోరు రాదు. ఏదో ఒకటి ఇచ్చే పోతుంది మరి.

"మా పెదనాన్న కళ్లద్దాలు ఇలాగే పట్టుకుపోయింది. మర్నాడు వెనక్కి తెచ్చింది, చూపు ఆనట్లేదని," అన్నాను.

"మావయ్యా, కోతలు తర్వాత. జునిపర్ చెట్లు ఎక్కడున్నాయో చెప్పండి."

"వెనక గట్టు మీద, ఎర్ర రాళ్ల దగ్గర. ఇంకెక్కడా లేవు."

"ఒక్క గంట వెతుకుదాం," అంది మార్నీ మొగుడితో. "దొరక్కపోతే నేనూ నీతో నడుస్తా."

పరీక్ష పుస్తకం చంకలో పెట్టుకునే గట్టెక్కింది. వెనకే మేమంతా ఎక్కాం. రాళ్లలో మూడు చీలికలు. మొదటిదాన్ని వాసన చూసింది. ఏమీ లేదు. రెండోదాని అంచున ఎలుక ఉచ్చ ఎండిన తెల్లటి చారలు, ముక్కు మూసుకోవాల్సిన కంపు. లోపల స్నానాల తొట్టెంత పుల్లల కుప్ప. పైన అప్పుడే కొరికిన జునిపర్ రెమ్మలు, అవే నీలి కాయలు.

"ఇల్లు కట్టుకుంది చూడండి! వాకిలి కూడా వేరే!" తాళంచెవి సంగతే మరిచిపోయినట్టు పొంగిపోయింది.

అలాంటి చీలికల్లో గిలక పాములు కూడా కాపురముంటాయి. కర్రతో పొడిచి, చెవులు రిక్కించి విన్నాం. తోక గలగల వినబడలేదు. అప్పుడు నేను చొక్కా చెయ్యి మడిచి, భుజం దాకా లోపలికి దూర్చాను.

మొదట డబ్బా మూత వచ్చింది. తర్వాత ఎముక. తర్వాత ఆర్డిస్ చెంచా. ఆ తర్వాత ఎర్ర రంగు పూసిన గుడారం మేకులు, ఒకటి కాదు, ఐదు. నా మేకులకి ఆ రంగు పూసింది నేనే.

"ఒక్క మేకు కూడా పోలేదన్నారు మావయ్యా," అంది మార్నీ.

"నిజమే కదా. ఒక్కటి కాదు, ఐదు పోయాయి."

ఆ తర్వాత నా కొమ్ముపిడి చాకు బయటపడింది. ఆర్డిస్ దాన్ని అందుకుని నా వంక అదోలా చూసింది. ఆ చాకు కాజేశాడని నేను ఆవిడ తమ్ముడు హైరమ్‌తో ఆరేళ్లుగా మాట్లాడటం లేదు.

"మా తమ్ముడికి తోక ఎప్పుడు మొలిచిందయ్యా?" అంది.

ఆఖరికి, అడుగున, ఇత్తడి చేప చల్లగా వేళ్లకి తగిలింది.

మార్నీ ఒక ఎర్ర మేకు తిరిగి వాకిట్లో పెట్టింది. "ఊరికే తీసుకుంటే దానికి మనమే దొంగలం. దీనికి బదులు ఏమిస్తుందో చూడాలనుంది గానీ, పరీక్ష ఉంది."

మధ్యాహ్నానికే బండి కదిలింది. సోమవారం ఎనిమిదింటికి ఆమె కుర్చీలో ఆమె ఉంది. పాసైంది కూడా. హైరమ్ ఇంటికి చాకు నేనే పట్టుకెళ్లాను. వాడు ఇంకా తిడుతూనే ఉన్నాడు, కానీ కాఫీ పోశాడు.

ఈ కథలో ఒక్కటి మాత్రం కల్పించాను. పెదనాన్న కళ్లద్దాల సంగతి అనుకునేరు, అది నిజం. ఆ చీలికలో చెయ్యి పెట్టింది నేను కాదు, మార్నీ. నేను ఆమె పుస్తకం పట్టుకుని, పది అడుగుల అవతల నిలబడి, పాములు నర్సుల్ని కరవవని ధైర్యం చెబుతున్నాను.