బండితోనే వస్తా

స్తుతి ఇంటికి గడప లేదు. మార్చిలో భద్రాచలంలో పెట్టిన క్యాంపులో ఆమెకు చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి ఇచ్చారు. ఆమె నాన్న తోమాసు తాపీమేస్త్రి. బండి ఇంటికి వచ్చాక రెండు వారాలు వేరే పనులకు పోకుండా ఇల్లంతా మార్చాడు. వాకిట్లో మెట్లు పగలగొట్టి సిమెంటుతో వాలు కట్టాడు. గుమ్మం వెడల్పు చేసి గడప కోయించేశాడు. స్నానాల గదిలో పట్టుకుని లేవడానికి గోడకు ఇనప పైపు బిగించాడు. గడప లేకుండా ఇల్లేమిటని వాడలో కొందరు అన్నారు. తోమాసు పట్టించుకోలేదు. రెండేళ్ళప్పుడు పోలియో వచ్చి కాళ్ళు రెండూ చచ్చుబడిన స్తుతి, ముప్ఫయ్యో ఏట మొదటిసారి ఎవరూ ఎత్తకుండా వీధిలోకి వచ్చింది. జాకెట్లు కుట్టి, బండి మీద తానే తీసుకుపోయి ఇచ్చి వచ్చేది.

ఆ ఏడాదే, 2006 ఆగస్టులో, గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. బూర్గంపాడు అవతల ఉన్న ఆ వాడలోకి నది నేరుగా రాదు. వెనకున్న వాగు పోటెక్కి, పొలాల మీదుగా వచ్చి చుట్టేస్తుంది. తోమాసు పని మీద కొత్తగూడెం పోయి, దారులు మునగడంతో అక్కడే చిక్కుకుపోయాడు. పొద్దున పదికల్లా వీధిలో నీళ్ళు మోకాలి లోతు వచ్చాయి. మిగతా ఇళ్ళను గడపలు కాసేపన్నా ఆపాయి. స్తుతి ఇంట్లోకి మాత్రం నీళ్ళు వాలు మీదుగా, ఆమె బండి వచ్చే దారినే, తిన్నగా వచ్చేశాయి.

పదకొండింటికి భద్రయ్య నాటుపడవ వచ్చింది. చేపలు పట్టే మనిషి. రెండు రోజులుగా వాడలవాళ్ళను మెరక మీదున్న బంజర అనే ఊరి స్కూలుకు చేరుస్తున్నాడు. పడవలో అప్పటికే పన్నెండుమంది ఉన్నారు. పక్కింటి జంపక్క, వారం రోజులుగా జ్వరంతో పడి ఉన్న తన మొగుడు ముసలయ్యను ఎక్కించి, స్తుతి కోసం వచ్చింది. భద్రయ్య నడుంలోతు నీళ్ళలో దిగి, ఎత్తుకోవడానికి చేతులు చాపాడు.

స్తుతి బండి సంగతి అడిగింది. మనుషులకే జాగా లేదన్నాడు భద్రయ్య.

"అయితే నేను రాను. ఇంకో ట్రిప్పుకు బండితోనే వస్తా."

పడవలోవాళ్ళు గొణిగారు. ఒకామె కోపంగా తిట్టింది. ఇంకో ట్రిప్పు ఉంటదో లేదో చెప్పలేనని, వాగు జోరు చూడమని భద్రయ్య నచ్చజెప్పబోయాడు. స్తుతి తల అడ్డంగా ఊపింది. ఆమెకు చావంటే భయం లేక కాదు. పోయినేడు సెప్టెంబరు వరదలో ఆమెను ఇలాగే ఎత్తుకుపోయి అదే స్కూల్లో దించారు. అప్పటికి బండి లేదు. మరుగుదొడ్డి స్కూలు వెనక, బురద దాటి ఎక్కడో ఉండేది. చేతుల మీద పాకుతూ పోవాలి. అందరి కళ్ళముందు అలా పోలేక, తొమ్మిది రోజులు ఆమె సరిగా తినలేదు, గొంతు తడుపుకోను తప్ప నీళ్ళు తాగలేదు. చివరికి మూత్రంలో చీము పట్టి దవాఖానాలో పడింది. ఆ తొమ్మిది రోజుల సంగతి తండ్రికి కూడా చెప్పలేదు.

ఇవన్నీ పడవను ఆపి అందరి ముందూ చెప్పే మాటలు కావు. అందుకే రానని మాత్రమే అంది.

పడవ కదిలింది. జంపక్క ఎక్కలేదు. ముసలయ్యకు దుప్పటి సరిగా కప్పి, ఆయన్ను చూసుకోమని భద్రయ్యకు చెప్పి, తిరిగి స్తుతి ఇంట్లోకి వచ్చింది. పొమ్మని స్తుతి ఎంత బతిమాలినా వినలేదు.

నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. బండి మొత్తంగా పడవ ఎక్కదని స్తుతికి తెలుసు. విప్పితే ఎక్కుతుంది. ఆమె మంచం మీద బోర్లా పడుకుని, నీళ్ళలోకి చేతులు పెట్టి, నట్టు ఎక్కడుందో వేళ్ళతో తడిమి చూసింది. ఆమె చెప్పినట్టు జంపక్క పానా తిప్పింది. సీటు వచ్చింది. చెయిను, ముందు చక్రం ఊడాయి. కుడి చక్రం వచ్చేసరికి మంచం నులక తడిసింది. ఎడమ చక్రం నట్టు తుప్పు పట్టి కదల్లేదు. స్తుతి గూట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె అందుకుని బండిని కాస్త పైకెత్తించి పోసింది. జంపక్క కాలితో తన్నిపట్టి తిప్పితే పానా జారి అరచెయ్యి చీరుకుపోయింది. నీళ్ళలో ఎర్రగా కలిసింది. వెనకవైపు గోడ పైనుంచి ఒక్కసారిగా మట్టిపెళ్ళ విరిగిపడింది.

"ఇగ వదిలెయ్ పెద్దమ్మా," అంది స్తుతి. ఆ క్షణంలో ఆమెకు బండి మీద ఆశ పోయింది. తన పంతానికి ఇంకో మనిషి చస్తుందనే భయం ఒక్కటే మిగిలింది.

జంపక్క చేతికి చీరకొంగు చుట్టుకుని మళ్ళీ పానా పట్టింది.

నట్టు కదలలేదు. బయట భద్రయ్య కేక వినబడింది. రెండున్నర అయింది. ఈసారి పడవలో ఆయనొక్కడే ఉన్నాడు. లోపలికి వచ్చి, విప్పిన చక్రాలనూ సీటునూ చూశాడు. ముందు స్తుతిని ఎత్తుకుపోయి పడవలో కూర్చోబెట్టాడు. జంపక్కను ఎక్కించాడు. తర్వాత విప్పిన భాగాలూ పానా తెచ్చి పడవలో పెట్టి, ఒక చక్రం అంటుకుని ఉన్న బండి చట్రాన్ని ఈడ్చుకొచ్చి పడవకు అడ్డంగా వేసి తాడుతో కట్టాడు.

వాడ చివర కరెంటు తీగలు తల ఎత్తున వేలాడుతున్నాయి. కరెంటు తీసేసి రెండు రోజులైంది కాబట్టి బతికారు. అందరూ వంగారు గాని, చట్రానికున్న చేతిపిడి తీగకు తగులుకుంది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి. భద్రయ్య తాడు కోయడానికి కత్తి తీశాడు. స్తుతి చట్రం మీద పడి, తన బరువంతా వేసి కిందికి నొక్కింది. పిడి వంగింది. తీగ ఆమె వీపు మీదుగా రాసుకుంటూ వెనక్కు పోయింది. భద్రయ్య కత్తి దోపుకుని పడవను మెరకకు చేర్చాడు.

స్కూలు దగ్గర బండి బిగించుకునేసరికి సాయంత్రమైంది. పిడి వంకరగా ఉన్నా, స్కూలు వెనక బురదలోనూ బండి నడిచింది. కానీ మరుగుదొడ్డికి మూడు మెట్లున్నాయి. స్తుతి కాసేపు వాటిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత బండి తిప్పుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోయి, వాగు కట్ట కోసం తెచ్చిన ఇసుక బస్తాలు మెట్ల మీద పేర్పించమని అడిగింది. బస్తాలు పేర్చి పైన తలుపు చెక్క పరిచారు. మర్నాటి నుంచి ముసలయ్య కూడా కర్ర పట్టుకుని దాని మీదుగానే పోయాడు.

వచ్చిన రోజు రాత్రి స్తుతి అన్నం సహించక కంచం పక్కకు నెట్టింది. జంపక్క, కట్టు కట్టిన చేత్తో మొగుడికి జావ తాగించి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నా వల్ల నువ్వు ఆగినవ్ పెద్దమ్మా. నీకేమన్న అయితే నేనేం జెప్పుకుందును?"

జంపక్క చేతికట్టు ముడి సరిచేసుకుంది.

"పోయినేడు నేను ఈడనే ఉన్న గదా బిడ్డా. తెల్లారగట్ల చీకట్ల బురదల నువ్వు పాకుతుంటె చూసిన. లేసి పట్టుకుంటె నీకు సిగ్గయితదేమోనని, నిద్రపోయినట్టె పన్న." ఆమె గొంతు తగ్గింది. "ఏడాది సంది గది నన్ను తింటనే ఉంది."

 స్తుతి, పక్కకు నెట్టిన కంచం మళ్ళీ తన వైపు జరుపుకుని, అన్నం కలిపి తినడం మొదలుపెట్టింది. చెంబెడు నీళ్ళూ తాగింది.