ఇంటి లాప్‌టాప్

“ఊరికే అన్నీ తెరిచిపెట్టుకుని కూర్చుంటావు, అందుకే స్లో అవుతుంది,” అన్నాడు ఆదర్శ్, ఇంకో దోసె కోసం కంచం ముందుకు జరుపుతూ.

వాసంతి తెరిచినవేమీ లేవు. లాప్‌టాప్ ఆన్ చేసి వెళ్లి, చట్నీకి పోపు పెట్టి, అత్తగారికి కాఫీ ఇచ్చి, కూతురు నవ్యని స్కూలు బస్సెక్కించి వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ, పిల్లల కోసం ఉద్యోగం మానేసి మళ్లీ రావాలనుకునే ఆడవాళ్లకి పెట్టింది. ఇంటి నుంచే రాయాలి. కెమెరా ఆన్‌లో ఉండాలి, మధ్యలో సిస్టమ్ ఆగిపోతే అంతే సంగతులు. లింకు ఈ ఒక్కరోజే పనిచేస్తుంది. ఈ మాట వారం నుంచి చెబుతోంది. ఆదర్శ్ కూడా వారం నుంచి ‘ఊఁ’ కొడుతున్నాడు. కంచం సింకులో పడేసి, “నాకు కాల్ ఉంది,” అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ లాప్‌టాప్ ఆమె కొనుక్కున్నది. పెళ్లికి ముందు మాదాపూర్‌లో డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేసేది, ఆ ఫ్లోర్ మొత్తంలో సిస్టమ్ విప్పి బాగుచేసే ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఉద్యోగం మానేశాక అది ఎప్పుడు ‘ఇంటి లాప్‌టాప్’ అయిందో ఆమెకే తెలీదు. ఆదర్శ్ ఆఫీసు లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెడితే చాలు, సెక్యూరిటీ వాళ్ల నుంచి మెయిల్ వచ్చేస్తుంది. పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో ఏ ఐటీ ఇంట్లో చూసినా ఇదే తంతు. ఆఫీసు మెషీన్ మడి కట్టుకుని కూర్చుంటుంది, దాన్నెవరూ ముట్టకూడదు, ఇంటిల్లిపాది సామానూ ఇంకోదాని నెత్తిన పడుతుంది. మామగారి షష్టిపూర్తి వీడియోలు, అత్తగారి ప్రవచనాలు, ఆదర్శ్ సింగపూర్ వెళ్లినప్పటి ఫొటోలు, అతని స్నేహితుల పెళ్లిళ్లు. “నీదాంట్లో వెయ్యి అమ్మాయ్, నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా,” అనేది అత్తగారు బాలాత్రిపురసుందరి. ఇంట్లో ఉండటానికీ, దీనికీ ఏం సంబంధమో వాసంతి ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

పోయిన నెల కొత్త డిస్కు తెప్పించుకుంది. పాతది తీసేసి ఇది బిగిస్తే లాప్‌టాప్ లేడిపిల్లలా పరిగెడుతుంది. సీలు విప్పబోతుంటే ఆదర్శ్ చేతిలోంచి లాక్కున్నాడు. “నువ్వు కెలక్కు. ఉన్నది కాస్తా పోతుంది. ఆదివారం నేను వేస్తాగా.” మేనేజరయ్యాక అతను స్క్రూడ్రైవర్ పట్టుకున్న పాపాన పోలేదు. డిస్కు అతని సొరుగులోకి వెళ్లింది. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. గుర్తు చేస్తే సాధిస్తున్నావంటాడు, గుర్తు చేయకపోతే మరిచిపోతాడు. తన పని తాను చేసుకోవడానికి ఒకరి తీరిక కోసం కాచుక్కూర్చున్నందుకు ఆమెకి అతని మీద కంటే తన మీదే ఎక్కువ మండింది.

ఇప్పుడు మండి లాభం లేదు. టేబుల్ తుడిచి కూర్చుంది. డిస్కు వాడకం వంద శాతం చూపిస్తోంది, దిగడం లేదు. ఆన్ అవగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములన్నీ ఆపేసింది. చెత్త ఫైళ్లు తీసేసింది. మళ్లీ ఆన్ చేసింది. వంద శాతమే. అప్పుడు కీబోర్డు పక్కన చెవి ఆనించింది. లోపల సన్నగా టక్కుమంటోంది. ఆగి, మళ్లీ టక్కు. ఆ చప్పుడు ఆమె మాదాపూర్‌లో చాలాసార్లు విన్నది. డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రాము నడిపితే ఆకుపచ్చగా ఉండాల్సిన గడి పసుపు రంగులో ఉంది. ఇది బరువెక్కువై నెమ్మదించడం కాదు, పోయే ముందు కొట్టుకోవడం. ఇవాళో రేపో.

కాఫీకి బయటికొచ్చిన ఆదర్శ్‌కి ఆ మాటే చెప్పింది. అతని మొహం పాలిపోయింది. పరీక్ష గురించి అనుకుంది, పిచ్చిది.

“నాన్న షష్టిపూర్తి వీడియోలు అందులోనే ఉన్నాయి కదే! ముందు అవన్నీ కాపీ చెయ్యి.”

పక్కింట్లో అడిగి తెచ్చిన బయటి డిస్కు తగిలించి కాపీ పెట్టి చూపించింది. పచ్చగీత గోరంత కదిలి ఆగింది. ఎంతసేపు పడుతుందన్నచోట వచ్చిన లెక్క రేపు ఉదయం దాకా ఉంది.

“ఇది పెడితే నా పరీక్ష పోయినట్టేనండి.”

“పరీక్షదేముంది, మళ్లీ ఏదో ఒకటి వస్తుంది. వీటిని మళ్లీ తేగలమా? కాస్త ఆలోచించు వాసంతీ,” అని, కప్పు పట్టుకుని మళ్లీ లోపలికెళ్లాడు. సోఫాలోంచి అత్తగారు అందుకుంది: “వాడన్నదీ నిజమేగా. మీ మామగారు ఇంకోసారి ఆ పీటల మీద కూర్చుంటారా?”

మామగారు పోయి రెండేళ్లు. ఆ వీడియోలో తనెక్కడుందో వాసంతికి తెలుసు. వంటవాళ్ల దగ్గర లెక్క చూసుకుంటూ, ఓ మూల, చేతిలో నవ్య పాలసీసాతో. వాటిని పోగొట్టుకోవాలని ఆమెకీ లేదు. డిస్కుని ఇంకా తిప్పుతూ ఉంటేనే పోతాయి, ఆపి పక్కన పెడితే కాస్త నిలుస్తాయి. ఆ సంగతి చెబితే వింటారా? ‘కెలక్కు’ అంటారు.

కాపీ ఆపింది. లాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసింది. లేచి, తలుపు కొట్టకుండా ఆదర్శ్ గదిలోకి వెళ్లింది. అతను కాల్‌లో ఉన్నాడు. కెమెరాలో పడుతున్నావంటూ చేత్తో విసురుగా సైగ చేశాడు, కళ్లురిమాడు. వాసంతి కెమెరా ముందు నుంచే నడిచి వెళ్లి, వంగి, అతని మోకాలి పక్క సొరుగు లాగింది. డిస్కు డబ్బా తీసుకుని వచ్చేసింది.

లాప్‌టాప్ బోర్లించి మరలన్నీ విప్పి ఓ గిన్నెలో వేస్తుంటే, ఇల్లు తుడవడానికొచ్చిన భాగ్యమ్మ ఆగిపోయింది. “ఏందమ్మా, గిట్ల ఇప్పి పెట్టినవ్? సారుకు తెలుసా?”

“లేదు భాగ్యమ్మా.”

“ఇగ ఫికర్ జెయ్యకు, ఇటు దిక్కు నేనెవర్నీ రానియ్య. జర కాళ్లు పైకి పెట్టు, తుడుస్త,” అని చుట్టూ తుడిచింది.

పాత డిస్కు బయటికొచ్చింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. దాని చోట్లో కొత్తది సరిగ్గా కూర్చుంది. విండోస్ ఎక్కించడానికి కిందటి నెలే సిద్ధం చేసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చింది. విండోస్ ఎక్కుతోంది. అత్తగారు వచ్చి వెనక నిలబడి, “అవి పోతే వాడికేం చెబుతావో నీ ఇష్టం,” అంది. అన్నం వండలేదన్న సంగతి వాసంతికి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లేవలేదు. ఈ కంప్యూటర్ ఎవరు వాడతారని తెర అడిగింది. వాసంతి అని కొట్టింది. ఇంకెవర్నైనా చేరుస్తావా అన్నట్టు ఇంకో గడి వచ్చింది. దాటేసింది. పాస్‌వర్డ్ పెట్టింది, ఎవరికీ తట్టనిది.

పరీక్షకి కావలసిన ప్రోగ్రాము కళ్లు మూసి తెరిచేలోగా ఎక్కేసింది. కెమెరా సరే, మైకు సరే. రెండు కావస్తుండగా ఆదర్శ్ బయటికొచ్చాడు.

“క్లయింట్ ముందు పరువు తీశావు. సరే, అది తర్వాత. కాపీ ఎంతవరకు వచ్చింది?”

వాసంతి పాత డిస్కుని అతని అరచేతిలో పెట్టింది. “అన్నీ ఇందులోనే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. మీరు చెయ్యొద్దు. డేటా తీసే షాపుకి ఇవ్వండి, ఇవాళే.”

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం చేయాలో తెలియనప్పుడు అతనికి కోపం కూడా సరిగ్గా రాదు. గొంతు తగ్గించాడు. “సరే, వాళ్లు తీసిస్తారు. తీశాక ఎక్కడ పెట్టమంటావు? నా ఆఫీసుదాంట్లో కుదరదు కదా. నీది కొత్త డిస్కు, నిండా ఖాళీ. పరీక్షయ్యాక అందులో వేసెయ్.”

“ఇందులో చోటు లేదండి,” అంది వాసంతి, అతని కళ్లలోకి చూస్తూనే. పరీక్ష మొదలుపెట్టింది.