రాతి చెయ్యి

రాజమండ్రిలోని ఆ చిన్న మ్యూజియంకి పిల్లలు రాకపోవడమేం లేదు, వస్తారు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తారు. వరసలో నిలబడి, ప్రతి విగ్రహం ముందూ కళ్ళు గట్టిగా మూసుకుని దణ్ణం పెట్టి, లెంపలేసుకుని బయటపడతారు. ఇంక చూసేదేమిటి, నా మొహం! క్యురేటర్ ఇంద్రజకి ఒళ్ళు మండేది అందుకే.

ఇప్పుడు పై ఆఫీసరు చంద్రరావు గారు ఇనప బీరువాలు తెప్పించి వరండాలో పెట్టించారు. పిల్లల కోసం ఆవిడ పట్టుబట్టి తెరిపించిన హాలు సోమవారం నుంచి స్టోర్ రూమ్ అయిపోతుంది.

"పిల్లలకిదేం పట్టదండి ఇంద్రజ గారూ. ఇవాళా చూద్దురుగాని," అంటూ ఆయనా బూట్లు విప్పి, ఎదురుగా ఉన్న విష్ణుమూర్తికి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి కుర్చీలో కూర్చున్నారు.

ఆత్రేయపురం నుంచి బడి పిల్లలు దిగారు. "దణ్ణం పెట్టుకోండర్రా!" అన్నారు వాళ్ళ మాస్టారు దొరబాబు గారు. అంతే, కళ్ళన్నీ ఠపీమని మూతపడ్డాయి. కాసేపటికి ఆయన వచ్చి, "దర్శనం బాగా అయిందండి. ఇంక బయల్దేరతాం," అన్నారు.

చంద్రరావు గారు ఇంద్రజ వంక చూసి నవ్వారు. ఆ నవ్వుకి ఆవిడ ప్రాణం చివుక్కుమంది. గబగబా లోపలికి వెళ్ళి, విరిగిన రాతి చెయ్యొకటి తెచ్చి పిల్లల మధ్య పెట్టింది.

"ఇది ఈ హాల్లోనే ఒకరిదర్రా. ఎవరిదో పోల్చండి చూద్దాం!"

"ముట్టుకోవచ్చాండీ?" అన్నాడొకడు. ముట్టుకోమంది. ఇంకేముంది, హాలంతా గోలగోల! వేళ్ళు కొలిచారు, కడియాలు పోల్చారు, విగ్రహాల వెనక్కి కూడా దూరారు. "అపచారం రా, అపచారం!" అని మాస్టారు మొత్తుకుంటున్నా వినేదెవరు?

"దొరికిందండీ!" విష్ణుమూర్తి ముందు నిలబడి లావణ్య అనే పిల్ల కేకేసింది. "ఈ కడియం మీదున్న పువ్వే ఆయన మిగతా చేతులకీ ఉందండి. మరి ఈయన ముక్కేదండీ? ఎవరు కొట్టేశారు?"

ఇంద్రజ నోరు తెరిచేలోపే కుర్చీ కిర్రుమంది. చంద్రరావు గారు లేచొచ్చి, కళ్ళజోడు సవరించుకుని విగ్రహాన్ని చాలాసేపు చూశారు.

"ముక్కు లేదేంటండీ! సర్వీసంతా రోజూ దణ్ణం పెడుతూనే ఉన్నానే!"

ఆయన మొహం చిన్నబోయింది.

"ఆ బీరువాలు నా గదిలో పెట్టించెయ్యండి ఇంద్రజ గారూ," అని, ఆయన పిల్లల మధ్య నేలమీద చతికిలబడ్డారు. "ఊఁ, ఇప్పుడు చెప్పండి. ఎవరు కొట్టేశారు?"