మడతలో వదిలిన గుడ్డ

మా అక్క ఇంట్లో భోజనాల బల్ల ఉండేది. దాని మీద మేము భోజనం చేసింది మాత్రం లేదు. దర్జీ అయిన మా బావ పెళ్లైన కొత్తలోనే దాన్ని ముందుగదిలోని కొట్టులోకి లాక్కెళ్లి, గుడ్డలు కత్తిరించడం మొదలుపెట్టాడు. బొత్తాలు కుట్టే నేనూ, బావా కంచాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ నిలబడే నాలుగు ముద్దలు మింగేది.

కొత్త కటింగ్ బల్ల కొనడానికి దారి ఒక్కటే కనిపించింది. కుట్టుకూలి మీద పన్ను ఎక్కువ పట్టారని దర్జీల సంఘం కోర్టుకెక్కింది. గెలిస్తే ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది. అయితే గడువులోగా దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకే. ఆ గడువు ఆ సాయంత్రంతో సరి.

బావ చలిస్తేగా! "ఎంత వస్తుందో తేలలేదు. తీర్పు రానీ, అప్పుడు శుభ్రంగా రాసిద్దాం. సగం కుట్టిన చొక్కా ఎవరికైనా ఇచ్చానా నేను?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "తీర్పు వచ్చేదాకా గడువు నీ కోసం గుమ్మంలో కాచుకుని కూర్చుంటుందా బావా?" అన్నాను.

బావ అప్పుడే కుట్టిపెట్టిన బడిపిల్ల గౌను అక్క తీసి, అంచు తిరగేసి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఈ మడతలో ఇంత గుడ్డ ఎందుకు వదిలారు?"

"పిల్ల ఎదుగుతుందిగా. అప్పుడు విప్పుకుంటారు."

"ఎంత ఎదుగుతుందో తెలుసా?"

"అదెలా తెలుస్తుందే?"

"మరి ఇప్పుడే ఎందుకు వదిలారు?"

"తర్వాత వదలాలంటే గుడ్డ ఎక్కణ్ణుంచి..." బావ దరఖాస్తు కాగితం లాక్కుని గబగబా నింపేశాడు.

మెడలో టేపు తియ్యకుండానే పరుగు తీశాడు. వెనకే మేమిద్దరం. పన్నుల ఆఫీసులో గుమస్తా కిటికీ మూయబోతున్నాడు. కాగితం అందుకుని, "మొత్తం ఎంతో రాసే చోట ఖాళీగా ఉందే?" అన్నాడు.

"కేసు తేలలేదండీ. మడతలో వదిలాం" అన్నాడు బావ రొప్పుతూ.

గుమస్తాకి ఏం అర్థమైందో గానీ నవ్వేశాడు. "తీర్పు వచ్చాక రాసివ్వొచ్చు. ఈరోజు అందింది, అదే ముఖ్యం" అంటూ ముద్ర వేశాడు. ఇంటికొచ్చే దారంతా బావ ఈ ఉపాయం తనదే అన్నట్టు మాకు విడమరిచి చెబుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడు సంఘం గెలిచింది. డబ్బు వచ్చింది, కొట్టులోకి కటింగ్ బల్లా వచ్చింది. పాత బల్ల వంటింటి పక్కకి చేరింది. దాని మీది సుద్దగీతలు ఎంత తుడిచినా పోలేదు. సంతోషం పట్టలేక నేనే మూడు కంచాలు పెట్టాను. అక్క అలవాటు కొద్దీ గిన్నె పట్టుకుని నిలబడింది.

బావ లేచి, ఆ గిన్నె అందుకుని, కుర్చీ వెనక్కి లాగాడు.

"కూర్చోవే. ఈ పూట నేను వడ్డిస్తాను."

అక్క కూర్చుని తింది.