పదమూడో పగ్గం

నివి పొద్దున్నే గడ్డకట్టిన చేపను గొడ్డలితో పదమూడు ముక్కలు చేసింది. ఇంటి ముందున్న కుక్కలు పన్నెండు. చివరి ముక్కను పొడవాటి ఖాళీ పగ్గం కొసన పడేసి, గొడ్డలి తుడిచి చూసేసరికి ఆ ముక్క లేదు. ముందు నడిచే కుక్క అనోరి కిందటి సెప్టెంబరులో చచ్చిపోయింది. దాని పగ్గం మాత్రం మంచు మీద బిగుసుకునే ఉంది. దారిన పోయేవాళ్ళు తొక్కకుండా పక్కనుంచి వెళ్తారు.

"ఇవాళ కుక్కబళ్ళ పందెంలో మొదటి ముగ్గురిలో వస్తే కుక్కలు నీవి. లేకపోతే రేపు మీ బావ తోలుకుపోతాడు," అన్నాడు తండ్రి మాలిక్, తుంటి పట్టుకుని మెట్టు మీద కూర్చుంటూ. "కొరడా పట్టినవాళ్ళ మాటే సాగాలి. నీకేమో జాలెక్కువ."

అక్క మొగుడు ఎనోక్ కూడా పందెంలో ఉన్నాడు. "ఏం మరదలా, ఆ ముసలి అనోరినీ కట్టావా?"

"దానికి నీ వాసన పడదు బావా. దూరంగా ఉండు."

పందెం నలభై కిలోమీటర్లు, బళ్ళు పంతొమ్మిది. ముప్పై అయిదో కిలోమీటరు దగ్గర ఎనోక్ మూడో స్థానం, అతని వెనకే నివి. అక్కడ గడ్డకట్టిన సముద్రపు పాయ అడ్డం వస్తుంది. ఒడ్డు చుట్టి పోకుండా మంచు మీద నేరుగా కోస్తే పావుగంట కలిసొస్తుంది. కాని అడుగున ప్రవాహం ఉంది, మంచు పల్చన. ముందు ఇద్దరూ నేరుగా పోయారు. ఎనోక్ కూడా.

నివి కొరడా ఝళిపించింది. పన్నెండు కుక్కలూ నేరుగా ఉరికాయి. పదమూడో పగ్గం ఒక్కటే ఎడమకి, ఒడ్డు వైపు లాగింది. మళ్ళీ ఝళిపించింది. అది వదల్లేదు. ఎడమకి తిరిగితే కుక్కలు పోయినట్టే. ఆమె కొరడా బండిలో పడేసింది.

పన్నెండూ ఎడమకి తిరిగాయి. అప్పుడే కుడివైపు మంచు పగిలింది.

ఎనోక్ కుక్కలు పైకెక్కాయి. అతను ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు. నివి బండి ఆపి, దానికి కట్టిన పదమూడో పగ్గం ముడి విప్పి, ఆ కొస పట్టుకుని బోర్లా పాకుతూ వెళ్ళింది. బళ్ళు ఒకటొకటే ఒడ్డు వెంట దాటిపోతున్నాయి.

"పట్టుకో బావా!"

"అది... ఇంకా లాగుతుందా?"

"నీకన్నా బాగా."

ముడి విప్పిన కొసను అతను మణికట్టుకు చుట్టుకున్నాడు. పగ్గం బిగిసింది. అతన్ని నీళ్ళలోంచి పైకి, పది గజాలు మంచు మీదికి ఈడ్చుకెళ్ళి, వదులైంది.

నివిది పన్నెండో స్థానం. మాలిక్ మాట మార్చలేదు.

మర్నాడు పొద్దున పదమూడో ముక్క మంచులో అలాగే ఉంది. వేళ్ళకు కట్లతో ఎనోక్ వచ్చాడు. పొయ్యి దగ్గర ఆరబెట్టిన పగ్గం చుట్టను నివి చేతికిచ్చాడు.

"కుక్కల్ని విప్పుకో," అన్నాడు మాలిక్.

"నా కుక్కలు నా మాట విన్నాయి మామా. అందుకే మునిగాను. ఇవి నివి దగ్గరే ఉండనీ."

నివి ఆ ముక్కను అన్నిటికన్నా చిన్న కుక్కకు పెట్టి, పొడవాటి పగ్గం దానికి కట్టింది. కుక్క ముందుకు నడిచింది. పగ్గం మెట్టు దాకా సాగి బిగిసింది.

మాలిక్ లేచి, దాన్ని తొక్కకుండా పక్కకు జరిగాడు.