అత్తగారు మానేసిన టబ్బు

అత్తగారి మోకాళ్ళ నొప్పులకు ఉపశమనంగా ఉంటుందని కోడలు ఇంటి వెనక వేడినీళ్ళ టబ్బు పెట్టించింది. నెల తిరక్కుండానే నీళ్ళు మసకబారి నురగ కట్టాయి. అప్పటి నుంచి పెద్దావిడ ఆ ఛాయలకు పోలేదు. "నొప్పి తగ్గిపోయిందిలేవే," అంటూనే గోడ పట్టుకుని నడుస్తోంది.

కోడలు మోటారు ఆపి, నీళ్ళు వడకట్టే మడతల ఫిల్టరు పైకి లాగింది. మడతల నిండా జిడ్డు పేరుకుని, నొప్పుల మందు వాసన గుప్పుమంది. అత్తగారు ఎందుకు ముఖం చాటేస్తోందో అప్పుడర్థమైంది.

"మందు రాసుకుని దిగకూడదని తెలీదమ్మా. టబ్బంతా పాడుచేశాను," అంది అత్తగారు గుమ్మంలో నిలబడి.

"పాడవడమేంటి అత్తయ్యా! కడిగితే పోతుంది. ఇలా వచ్చి కూర్చోండి."

జిడ్డు వదిలే మందులో నానబెట్టిన ఫిల్టరును మర్నాడు కోడలు పట్టుకుని తిప్పుతుంటే, అత్తగారు పైపుతో నీళ్ళు కొట్టింది.

"గౌను కుచ్చిళ్ళలా ఉన్నాయే ఇవి!" అంటూ ఒక్కో మడతా విడదీసి కడిగింది.

టబ్బులో కొత్త నీళ్ళు వేడెక్కాక, కాళ్ళకున్న మందు శుభ్రంగా కడుక్కుని మెల్లగా దిగింది. హాయిగా నిట్టూర్చి, కోడలి కొంగు పట్టుకుంది.

"పొద్దస్తమానం నించునే ఉంటావు. నీ కాళ్ళు మాత్రం కాళ్ళు కావా? నువ్వూ దిగవే."